ఇరవై మూడా, ముప్పయ్యా? ఆదాయపు పన్ను లేని అమెరికా లెక్క

మన దగ్గర ఎమ్మార్పీ అంటే ఎమ్మార్పీయే. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. డబ్బా మీద 100 అని ఉంటే 100 ఇచ్చి బయటపడొచ్చు. అమెరికా వెళ్లిన కొత్తలో చాలామంది తికమకపడేది ఇక్కడే. డాలస్‌లో ఓ దుకాణంలో మిక్సీ మీద 100 డాలర్లని రాసి ఉంటుంది, కౌంటర్ దగ్గరకొచ్చేసరికి 108 డాలర్ల 25 సెంట్లు కట్టమంటారు. పైన పడిన ఎనిమిది డాలర్ల పావలాలో ఆరుంపావు టెక్సస్ రాష్ట్రానిది, మిగతా రెండు స్థానిక సంస్థలవి. వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వానికి అందులో ఒక్క సెంటు కూడా పోదు. దేశమంతటికీ కలిపి ఒక అమ్మకపు పన్ను అనేది అమెరికాలో అసలు లేదు.

ఫెడరల్ ప్రభుత్వం నడిచేది ముఖ్యంగా జనం జీతాల మీద. 2024 ఆర్థిక సంవత్సరంలో దాని రాబడి సుమారు 4.9 లక్షల కోట్ల డాలర్లు. అందులో వ్యక్తుల ఆదాయపు పన్ను 2.4 లక్షల కోట్లు. సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పేరుతో జీతంలోంచి కోసే పేరోల్ పన్ను 1.7 లక్షల కోట్లు. కంపెనీలు కట్టేది ఈ రెండింటి ముందు చాలా చిన్నది. ఈ పన్నులన్నీ, వాటితోపాటు వారసత్వ ఆస్తుల మీద పన్ను కూడా ఒక్క దెబ్బతో ఎత్తేసి, వాటన్నిటి స్థానంలో ఒకే ఒక్క అమ్మకపు పన్ను పెట్టాలనే ఆలోచన పేరే ఫెయిర్‌టాక్స్. జార్జియా రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సభ్యుడు జాన్ లిండర్ 1999లో దీన్ని బిల్లుగా పెట్టారు. ఆయన తర్వాత అదే రాష్ట్రం నుంచి వచ్చిన సభ్యులు దాన్ని భుజానికెత్తుకున్నారు. 2023లోనూ, 2025లోనూ పెట్టింది బడ్డీ కార్టర్. 2003 నుంచి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మారిన ప్రతిసారీ హెచ్‌ఆర్ 25 అనే నంబరుతో బిల్లు వస్తూనే ఉంది. ఒక్కసారి కూడా సభలో ఓటింగ్ దాకా వెళ్లలేదు. 2023 జనవరిలో కెవిన్ మెకార్తీ స్పీకర్ పదవి కోసం సొంత పార్టీలోని అసమ్మతి వర్గంతో బేరాలాడినప్పుడు ఈ బిల్లుకు ఓటింగ్ పెడతామన్న మాట కూడా ఆ బేరంలో ఉందని వార్తలొచ్చాయి. తీరా చూస్తే, దాన్ని తాను సమర్థించడం లేదని ఆయనే చెప్పారు.

ఇన్నేళ్లు నెగ్గని బిల్లు గురించి ఇంత చర్చ ఎందుకంటే, అందులోని ఆకర్షణ నిజమైనది. ఏటా ఏప్రిల్ 15 లోపు ఫారం 1040 అనే ఆదాయపు పన్ను రిటర్ను నింపే టెన్షన్ ఉండదు. జీతం ఎంత, వడ్డీ ఎంత, షేర్లు ఎప్పుడు కొని ఎప్పుడు అమ్మారు అని అడిగేవారుండరు. ఆదాయపు పన్ను వసూలు చేసే ఐఆర్‌ఎస్ అనే సంస్థే ఉండదు. సంపాదించినప్పుడు కాదు, ఖర్చు పెట్టినప్పుడే పన్ను. దాచుకుంటే సున్నా. వినడానికి ఇంతకంటే బాగున్న పన్ను ఇంకోటి దొరకదు.

ఇక రేటు దగ్గరకు వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

బిల్లులో రాసినది 23 శాతం. కానీ అదే డాలస్ మిక్సీకి ఈ పన్ను వేసి చూస్తే దుకాణంలో కట్టేది 123 డాలర్లు రాదు, 130 వస్తుంది. ఎలా అంటే, ఆ 23 శాతాన్ని మిక్సీ ధర మీద కాకుండా, పన్నుతో కలిపి కట్టిన మొత్తం మీద లెక్కేశారు. కొన్నవాడు 100 డాలర్లు ఇస్తే అందులో 23 ప్రభుత్వానికి, 77 దుకాణానికి. 77 డాలర్ల వస్తువు మీద 23 డాలర్ల పన్ను అంటే, మనం మామూలుగా చెప్పుకునే లెక్కలో 30 శాతానికి ఒక్క పిసరు తక్కువ. ఇదే పద్ధతిలో లెక్కిస్తే మన 18 శాతం జీఎస్టీ కూడా 15 శాతం చిల్లరే. 118 రూపాయల్లో 18 ఎంత శాతమో చూసుకోండి. ఇందులో అబద్ధం లేదు. ఆదాయపు పన్నును కూడా మొత్తం ఆదాయంలో శాతంగానే చెబుతారు కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఇలాగే చెప్పాలని సమర్థకుల వాదన. పోలిక వరకు అది సబబే. అయితే ఏ దుకాణంలోనూ, ఏ రాష్ట్రంలోనూ అమ్మకపు పన్నును ఆ పద్ధతిలో చెప్పరు. ఓటరు చెవికి ముప్పై కంటే ఇరవై మూడు చల్లగా వినిపిస్తుందన్నది కూడా ఎవరికీ తెలియని సంగతి కాదు.

సరే, ముప్పయ్యే అనుకుందాం. అది సరిపోతుందా? 2005లో అధ్యక్షుడు జార్జ్ బుష్ నియమించిన పన్ను సంస్కరణల సలహా సంఘం ఈ ప్రశ్న మీద ట్రెజరీ శాఖతో లెక్కలు వేయించింది. పేరోల్ పన్నును ముట్టుకోకుండా, కేవలం ఆదాయపు పన్నుల స్థానంలో అమ్మకపు పన్ను పెట్టి, పేదలకు నెలనెలా డబ్బు తిరిగివ్వాలంటేనే దుకాణం బిల్లు మీద కలిపే రేటు 34 శాతం కావాలని తేలింది. ఎగవేత ఎక్కువైతే 49. అది కూడా దాదాపు ప్రతి వస్తువు మీద, ప్రతి సేవ మీద పన్ను వేస్తేనే. రాష్ట్రాలు ఇప్పుడు చేస్తున్నట్టు తిండి సరుకులనూ మందులనూ రకరకాల సేవలనూ వదిలేస్తే 64 నుంచి మొదలవుతుంది. ఈ లెక్కను ఫెయిర్‌టాక్స్ సమర్థకులు ఒప్పుకోలేదు, తమ బిల్లును తాము రాసినట్టు పరీక్షించలేదన్నారు. సంఘం మాత్రం ఈ పన్నును సిఫారసు చేయకుండా పక్కన పెట్టింది.

ఫెయిర్‌టాక్స్ సమర్థకుల లెక్క తక్కువ రావడానికి ఒక కారణం ఆసక్తిగా ఉంటుంది. ఫెయిర్‌టాక్స్‌లో ప్రభుత్వం కొనే వాటి మీద కూడా పన్ను ఉంది. సైన్యం ట్రక్కు కొన్నా, నగరపాలక సంస్థ ఫైరింజన్ కొన్నా, ప్రభుత్వ ఉద్యోగికి జీతం ఇచ్చినా ముప్పై శాతం అదనం. ఫెడరల్ ప్రభుత్వం తన జేబులోంచి తీసి తన జేబులోనే వేసుకుంటే రాబడి పుస్తకంలో పెరిగినట్టే కనిపిస్తుంది. ఖర్చు కూడా అంతే పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటేనే అసలు సంగతి అర్థమవుతుంది. రాష్ట్రాలూ నగరాలూ కట్టేది మాత్రం నిజమైన డబ్బే. ఆ డబ్బు కోసం అవి మళ్లీ తమ ప్రజల మీదే పడాలి.

పేదవాడి మీద భారం పడదా అన్న ప్రశ్నకు బిల్లులో మంచి జవాబే ఉంది. దాని పేరు ప్రీబేట్. దారిద్ర్యరేఖ దగ్గర బతికే కుటుంబానికి ఎంత ఖర్చవుతుందో లెక్కేసి, ఆ ఖర్చు మీద పడే పన్నును నెల మొదట్లోనే ప్రతి కుటుంబానికీ ముందుగా ఇచ్చేస్తారు, బిచ్చగాడికైనా బిలియనీరుకైనా. 2025 ప్రమాణాల ప్రకారం ఒంటరి మనిషికి ఆ ఖర్చు 15,650 డాలర్లు. పెళ్లైన జంటకు దానికి రెట్టింపు, పిల్లలకు తలా 5,500. అంటే ఇద్దరు పిల్లలున్న దంపతులకు 42,300. దాని మీద 23 శాతం ఏడాదికి 9,729 డాలర్లు, నెలకు 810 పైచిలుకు.

ఇప్పుడు ఆ కుటుంబాన్నే తీసుకుందాం. ఏడాదికి 80,000 డాలర్ల జీతం, వచ్చినదంతా ఖర్చయిపోయే ఇల్లు. 2025 నిబంధనల్లో స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోగా మిగిలిన దాని మీద 5,343 ఆదాయపు పన్ను పడుతుంది. పిల్లల పేరిట ఇచ్చే క్రెడిట్ 4,400 తీసేస్తే 943 మిగులుతుంది. పేరోల్ పన్ను 6,120. రెండూ కలిపి 7,063. ఫెయిర్‌టాక్స్‌లో 80,000 మీద పన్ను 18,400, అందులో ప్రీబేట్ పోతే 8,671. అంటే 1,600 డాలర్లు నష్టం. కానీ ఆగాలి. పేరోల్ పన్నులో ఇంకో సగం, మరో 6,120, యజమాని కడుతున్నాడు. ఫెయిర్‌టాక్స్ వస్తే అదీ రద్దవుతుంది. ఆ డబ్బును అతను జీతంలో కలిపి ఇచ్చేస్తే ఈ కుటుంబం నష్టపోదు, ఏడాదికి 3,100 డాలర్ల దాకా లాభపడుతుంది. ఇవ్వకుండా తనే ఉంచుకుంటే నష్టమే. కాబట్టి ఇది మధ్యతరగతిని ముంచుతుందని గుడ్డిగా అనేయడం కూడా తప్పే.

అయితే ఇదంతా 23 నిలబడితేనే. రాబడి చాలక రేటును అదే పద్ధతిలో 30కి, అంటే దుకాణం బిల్లు మీద 43కి పెంచాల్సి వచ్చిందనుకోండి. ప్రీబేట్ కూడా పెరుగుతుంది. అయినా, యజమాని తన వాటా మొత్తం ఇచ్చేసిన ఇంట్లోనే ఆ 3,100 లాభం కరిగి 37 డాలర్లకు వస్తుంది. న్యాయమా అన్యాయమా అని టీవీల్లో గంటలకొద్దీ జరిగే వాదన ఈ ఒక్క అంకె దగ్గర ఆగాలి. రేటు ఎంతో తేలకుండా ఎవరు గెలుస్తారో, ఎవరు ఓడతారో చెప్పడం కుదరదు.

పై మెట్టు మీద మాత్రం ఫలితం గురించి పెద్దగా అనుమానం లేదు. ఇద్దరు పిల్లలుండి పది లక్షల డాలర్ల జీతం వచ్చే దంపతులు ఇప్పుడు ఆదాయపు పన్నే 2.8 లక్షల దాకా కడతారు. వాళ్లు ఏడాదికి మూడు లక్షలు ఖర్చు పెట్టి మిగతాది దాచుకుంటే ఫెయిర్‌టాక్స్ సుమారు 59,000. ఆదాయంలో ఆరు శాతం లోపు. ‘దాచినది ఎప్పుడో ఒకప్పుడు ఖర్చు పెట్టాల్సిందే కదా, అప్పుడు కడతారు’ అంటారు సమర్థకులు. ఖర్చే పెట్టకుండా వారసులకు ఇవ్వొచ్చు. ఆ వారసత్వం మీద ఉన్న పన్ను కూడా ఇదే బిల్లు తీసేస్తోంది మరి. వేరే దేశంలోనూ ఖర్చు పెట్టొచ్చు.

ధరల విషయంలో మొదట్లో ఇంకో మాట బాగా ప్రచారమైంది. వస్తువు ధరలో కంపెనీలు కట్టే రకరకాల పన్నులు ఇప్పటికే దాగి ఉన్నాయి, అవి పోతే ధరలు ఐదో వంతుకు పైగా తగ్గుతాయి, పైన అమ్మకపు పన్ను పడినా కొనేవాడికి తేడా తెలియదు అని. అదే నోటితో, జీతం కోత లేకుండా మొత్తం చేతికొస్తుందని కూడా చెప్పారు. రెండూ ఒకేసారి కుదరవు. ధరలో దాగి ఉందంటున్న పన్నుల్లో పెద్ద భాగం ఉద్యోగుల జీతాల్లోంచి కోసేదే. ఆ కోత డబ్బు ఉద్యోగి చేతికొస్తే కంపెనీ ఖర్చు తగ్గదు, ధర దిగదు. కంపెనీ ఉంచేసుకుని ధర తగ్గిస్తే ఉద్యోగి చేతికి ఇప్పుడొస్తున్నదే వస్తుంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా?

రిటైరైన వాళ్ల సంగతి ఇంకా ఇబ్బంది. రోత్ ఖాతా అనేది ఒకటుంది. పన్ను కట్టేసిన డబ్బునే అందులో వేస్తారు, ముసలితనంలో తీసుకున్నప్పుడు పన్ను ఉండదని ప్రభుత్వం ఇచ్చిన మాట. ముప్పై ఏళ్లు అలా దాచిన మనిషి రిటైరైన మర్నాడు ఫెయిర్‌టాక్స్ వస్తే, ఆ డబ్బుతో మందులు కొన్నా, డాక్టరుకు ఫీజు కట్టినా, ఇంటి అద్దె ఇచ్చినా మళ్లీ ముప్పై శాతం. ఈ బిల్లులో వైద్యానికి మినహాయింపు లేదు, అద్దెకు లేదు. పక్కింటాయన మామూలు 401కె అనే రిటైర్మెంట్ ఖాతాలో దాచాడు, అంటే ఇంతవరకు పన్ను కట్టలేదు. ఆయనకు తీసుకునేటప్పుడు పడాల్సిన ఆదాయపు పన్ను మాయమైపోతుంది, అమ్మకపు పన్ను ఒక్కటే పడుతుంది. బుద్ధిగా ముందే కట్టినవాడికి రెండుసార్లు, వాయిదా వేసినవాడికి ఒకసారి.

ఎవరు వసూలు చేస్తారన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ తెలుగువాళ్లకు చెప్పాల్సినంత అనుభవం ఉంది.

భారతదేశంలో మొట్టమొదటి సాధారణ అమ్మకపు పన్ను చట్టం 1939లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చింది. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాల్లోనూ. రాజాజీ ప్రభుత్వం సేలంతో మొదలుపెట్టి మద్యనిషేధం తెచ్చింది, సారా రాబడి పోయింది, ఆ లోటు పూడ్చడానికి దుకాణాల మీద పన్ను వేసింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా సేల్స్ టాక్స్ ఆఫీసుకూ వ్యాపారికీ మధ్య నడిచిన దాగుడుమూతల్లోంచే ‘జీరో దందా’ అనే మాట పుట్టుకొచ్చింది. బిల్లు లేకుండా సరుకు, పుస్తకంలో రాయకుండా అమ్మకం. బిల్లు కావాలా వద్దా అని అడిగి, వద్దంటే ధర తగ్గించే కొట్టు ఏ ఊళ్లో లేదు?

2005 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్, 2017 జూలై 1న దేశమంతా జీఎస్టీ వచ్చాక దందా ఆగిపోలేదు గానీ, ఒక తేడా వచ్చింది. తయారీదారు, హోల్‌సేలరు, కొట్టువాడు ఎవరికి వారు తమ భాగం పన్ను కడతారు. కింద కొన్నవాడు తాను కట్టిన పన్నును తిరిగి పొందాలంటే పైవాడి బిల్లు చూపించాలి. అందుకని ఒకడి మీద ఇంకొకడు కాపలా. చివరి కొట్టువాడు ఎగ్గొట్టినా అంతకుముందు వసూలైన పన్ను ఖజానాలోనే ఉంటుంది. ఫెయిర్‌టాక్స్‌లో ఈ గొలుసు లేదు. చివర వినియోగదారుడికి అమ్మే చోట మాత్రమే మొత్తం ముప్పై శాతం పడుతుంది. ఆ ఒక్కడు ఎగ్గొడితే మొత్తం పోయినట్టే. రేటు ఆరో ఎనిమిదో శాతం ఉన్నప్పుడు ఎగ్గొట్టడం కంటే కట్టేయడమే సుఖమనిపిస్తుంది. ముప్పై ఉంటే ఆశ పుడుతుంది. స్వీడన్, నార్వే లాంటి దేశాలు చిల్లర అమ్మకాల మీద పన్నుతో మొదలుపెట్టి, రేటు పెరిగేకొద్దీ 1969, 1970ల్లో వ్యాట్‌కు మారిపోయాయి. ఇంత రేటున చివరి అమ్మకం మీదే మొత్తం పన్ను వసూలు చేస్తూ నడుస్తున్న దేశం లేదు. యూరప్‌లో చాలాచోట్ల 20 శాతం, ఆపైన, హంగేరీలో 27 శాతం వసూలు చేస్తున్నారు గానీ, అదంతా వ్యాట్. పైగా ఆదాయపు పన్ను తీసేయకుండా దానికి తోడుగా.

ఇంకో కన్నం ఉంది. వ్యాపారం కోసం కొనే వాటికి పన్ను లేదు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపిస్తే చాలు. శని, ఆదివారాల్లో కన్సల్టింగ్ చేస్తానని ఒక చిన్న కంపెనీ పెట్టినవాడు దాని పేరు మీద లాప్‌టాప్ కొంటాడు, కారు కొంటాడు. లాప్‌టాప్‌లో పొద్దున ఆఫీసు పని, సాయంత్రం పిల్లల హోంవర్క్. 40,000 డాలర్ల కారు మీద 12,000 మిగులుతుందంటే కంపెనీ లేనివాడు కూడా పెడతాడు. అది నిజంగా వ్యాపారానికే వాడుతున్నాడా అని ఎవరో ఒకరు వచ్చి చూడాలి. ఆ వచ్చేవాడిని ఐఆర్‌ఎస్ అనకపోవచ్చు. బిల్లులోనే ట్రెజరీ శాఖ కింద సేల్స్ టాక్స్ బ్యూరో అనే కొత్త విభాగం రాసి ఉంది. వసూలు రాష్ట్రాలు చేయాలి, చేసినందుకు పావు శాతం రుసుము. కానీ అలాస్కా, డెలవేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్ రాష్ట్రాలకు రాష్ట్రవ్యాప్త అమ్మకపు పన్నే లేదు. అక్కడ ఆ యంత్రాంగమంతా మొదటి ఇటుక నుంచి కట్టాలి.

ప్రీబేట్ పంచాలన్నా ప్రతి ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో ప్రభుత్వానికి తెలియాలి. అందుకు ప్రతి కుటుంబం ఏటా పేర్లు నమోదు చేసుకోవాలని బిల్లులో ఉంది. కొడుకు కాలేజీకి వెళ్తే, భార్యాభర్తలు విడిపోతే, తల్లి వచ్చి చేరితే మళ్లీ కాగితాలు. 2020, 2021లో కోవిడ్ చెక్కులు అంత త్వరగా పంపగలిగారంటే కారణం, జనం నింపిన 1040 ఫారాలు ఐఆర్‌ఎస్ దగ్గర సిద్ధంగా ఉండటమే. ‘మీ ఇంటి విషయాల్లోకి ప్రభుత్వం తొంగిచూడదు’ అన్న మాట ఇక్కడ కొంచెం పలచబడుతుంది. జీతం అడగరు, నిజమే. ఇంట్లో మనుషుల్ని లెక్కపెడతారు.

అక్కడి తెలుగు కుటుంబాలకు ఈ నమోదులో ఒక చిక్కు ఉంది. ప్రీబేట్ లెక్కలోకి రావాలంటే ప్రతి సభ్యుడికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. హెచ్-1బి మీద పనిచేసే భర్తకు ఉంటుంది. పని అనుమతి రాని, హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న భార్యకు మామూలుగా ఉండదు. ఇండియాలో పుట్టి హెచ్-4 మీద వెళ్లిన ఇద్దరు పిల్లలకూ ఉండదు. నలుగురున్న ఇంట్లో ఒక్కరికే ప్రీబేట్, కొనే బియ్యం మీద పన్ను మాత్రం నలుగురికీ. మరోవైపు చూస్తే ఇదే కుటుంబానికి ఈ పన్నులో ఒక వరం కూడా ఉంది. డాలస్‌లో సంపాదించి గుంటూరులో ఇల్లు కట్టుకుంటే ఆ డబ్బు అమెరికాలో ఖర్చు కాలేదు, కాబట్టి దాని మీద ఫెయిర్‌టాక్స్ పడదు. ఆదాయపు పన్నూ లేదు. సంపాదన ఒకచోట, ఖర్చు ఇంకోచోట ఉన్నవాడికి ఇంతకంటే అనుకూలమైన చట్టాన్ని కావాలని రాయమన్నా రాయలేరు. అయితే ఆ కిటికీ ఎక్కువ రోజులు తెరిచి ఉంచుతారని అనుకోనక్కర్లేదు. 2026 జనవరి 1 నుంచే నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో విదేశాలకు పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను మొదలైంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు, ప్రస్తుతానికి.

రాష్ట్రాల స్థాయిలో ఈ మార్పు ఇప్పటికే కొంత జరుగుతోంది. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. మనవాళ్లు కాలిఫోర్నియా నుంచి టెక్సస్‌కు మారేటప్పుడు మొదట చెప్పుకునే కారణాల్లో అదొకటి, ఇంటి మీద ఆస్తిపన్ను బిల్లు వచ్చేదాకా. కాన్సస్ 2012లో ఆదాయపు పన్నును బాగా కోసింది. ఖజానా ఖాళీ అయ్యి, 2015లో అమ్మకపు పన్ను పెంచి, అదీ చాలక 2017లో గవర్నర్ వీటోను కూడా తోసిరాజని శాసనసభ ఆ కోతలను చాలావరకు వెనక్కి తీసుకుంది. మిసిసిపీ కథ మరీ విచిత్రం. ఆదాయపు పన్నును దశలవారీగా పూర్తిగా ఎత్తేసే బిల్లును అక్కడి సెనేట్ 2025లో ఆమోదించింది. రాబడి ఫలానా మేర పెరిగితేనే తర్వాతి కోత అన్న షరతులో 85 శాతం అని ఉండాల్సిన చోట పొరపాటున ఒక చుక్క పడి .85 శాతం అయింది. జాగ్రత్తగా నెమ్మదిగా వెళ్దామనుకున్న సెనేట్ పెట్టిన బ్రేకు ఆ చుక్కతో ఊడిపోయింది. ప్రతినిధుల సభ గమనించి, నోరు మెదపకుండా ఆమోదించేసింది. గవర్నర్ సంతకం చేశారు.

చరిత్ర చూస్తే ఇదంతా తిరిగి తిరిగి మొదటికి వచ్చినట్టు అనిపిస్తుంది. 1913కు ముందు అమెరికా ప్రభుత్వం దాదాపు పూర్తిగా వినియోగం మీద పన్నులతోనే నడిచింది: దిగుమతి సుంకాలు, మద్యం, పొగాకు. దక్షిణాది, పశ్చిమ రాష్ట్రాల రైతులు తాము కొనే ప్రతి వస్తువు మీదా సుంకం కడుతుంటే తూర్పు తీరపు సంపన్నుల ఆదాయాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదని మొరపెట్టుకున్నారు. 1894లో తెచ్చిన ఆదాయపు పన్నును మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో రాజ్యాంగాన్నే సవరించారు, 1913 ఫిబ్రవరిలో 16వ సవరణ అమల్లోకి వచ్చింది. అదే ఏడాది సుంకాలు తగ్గించి ఒక శాతం నుంచి ఏడు శాతం దాకా ఆదాయపు పన్ను వేశారు. 3,000 డాలర్ల లోపు ఆదాయానికి అసలు లేదు కాబట్టి అప్పట్లో కట్టినవాళ్లు బహు కొద్దిమంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1943 నుంచి జీతంలోనే కోయడం మొదలయ్యాక గానీ అది అందరి పన్ను కాలేదు. మద్రాసులో మద్యనిషేధం వల్ల అమ్మకపు పన్ను పుడితే, అమెరికాలో ఆదాయపు పన్ను చేతిలో ఉండబట్టే మద్యం రాబడి వదులుకుని 1920లో మద్యనిషేధం పెట్టగలిగారు. డొనాల్డ్ ట్రంప్ దిగుమతి సుంకాలతో ఆదాయపు పన్ను అవసరమే లేకుండా చేస్తానని అన్నది ఈ పాత రోజుల్ని తలచుకునే. అప్పటి ప్రభుత్వానికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ఖర్చు లేదన్నది మాత్రం ఆ తలపులో కనిపించదు.

హెచ్‌ఆర్ 25 రాసినవాళ్లకు ఈ 16వ సవరణ సంగతి బాగా తెలుసు. ఆదాయపు పన్ను చట్టాన్ని రద్దు చేసినా ఆ సవరణ ఉన్నంతకాలం తర్వాతి కాంగ్రెస్ దాన్ని మళ్లీ తేవచ్చు. అప్పుడు జనం నెత్తిన రెండు పన్నులూ పడతాయి. అందుకని బిల్లులో ఒక గడువు పెట్టారు: ఏడేళ్లలోగా 16వ సవరణ రద్దు కాకపోతే అమ్మకపు పన్ను దానంతటదే రద్దయిపోతుంది. అంటే ఆదాయపు పన్ను అప్పటికే పోయి, ఐఆర్‌ఎస్ మూతపడి, ఏడో ఏడు అమ్మకపు పన్ను కూడా పోయే పరిస్థితి చట్టంలోనే రాసి ఉంది. అమెరికా చరిత్రలో ఇప్పటివరకు రద్దయిన రాజ్యాంగ సవరణ ఒక్కటే, మద్యనిషేధానిది, 1933లో. రద్దుకు రెండు సభల్లో మూడింట రెండు వంతుల మెజారిటీ, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. అడ్డుకోవడానికి 13 చాలు. రాష్ట్రవ్యాప్త అమ్మకపు పన్నును ఇంతవరకు తమ గడపే తొక్కనివ్వని ఐదు రాష్ట్రాలతో లెక్క మొదలుపెడితే, ఇంకా కావాల్సింది ఎనిమిది.